చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి క్యాన్సర్ అని తేలింది, క్యాన్సర్ కణాలు చక్కెర తినే పెరుగుతాయని అందరూ చెబుతున్నారు, తీపితో పాటు పిండిపదార్థాలన్నీ ఆపేస్తే గడ్డ పెరగడం ఆగుతుందా అని. డాక్టర్‌ని అడగకుండా మాత్రం ఆపకండి. సరిగ్గా ఇదే పని నేను మా అమ్మ విషయంలో చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మకి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. మెడ పక్కన గడ్డ, బయాప్సీ, ఆ తర్వాత పెట్ స్కాన్. పొద్దుట్నుంచీ ఏమీ తినొద్దన్నారు, వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు, చేతికి ఇంజెక్షన్ ఇచ్చి దాదాపు గంటసేపు దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మాట్లాడకూడదు, కదలకూడదు. ఎందుకంటే కదిలిన కండ కూడా గ్లూకోజ్ లాగేసుకుంటుంది, అప్పుడు స్కాన్‌లో అదీ వెలుగుతుంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది గ్లూకోజ్ లాంటిదే, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఉంటుంది. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటుంది, కానీ వాడుకోలేదు, అది లోపలే ఇరుక్కుపోతుంది. ఎక్కువ లాక్కున్న చోట ఎక్కువ వెలుగు. అమ్మ మెడలో, చంకల్లో వెలుగుతున్న ఆ మచ్చల్ని స్క్రీన్ మీద చూడగానే, వీటికి తిండి పెడుతున్నది మనమే కదా అనిపించింది. ఆ సాయంత్రమే ఇంట్లో చక్కెర డబ్బా తీసేశాను, తర్వాత ఒక్కొక్కటిగా అమ్మ ఇష్టంగా తినేవన్నీ తీసేశాను.

అదే స్కాన్‌లో మెదడు కూడా ధగధగా వెలుగుతోంది. నేనది చూశాను కానీ పట్టించుకోలేదు.

రెండో కీమోకి వెళ్లేసరికి అమ్మ 5 కిలోలు తగ్గింది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది. ఆ నీరసం చూసి కీమో ఒక వారం వాయిదా వేశారు. ఏం పెడుతున్నారని డాక్టరమ్మ అడిగితే గర్వంగానే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, స్కాన్ తెరిచి మెదడు చూపించి, "దీనికి గ్లూకోజ్ ఆగకూడదు కాబట్టి మీరు ఏం మానేసినా శరీరం రక్తంలో గ్లూకోజ్ పడిపోనివ్వదు. లివర్ దాచుకున్నది ఒక రోజుకి మించి రాదు, ఆ తర్వాత కండ కరిగించి మరీ తయారు చేస్తుంది. మీరు ఎండబెడుతున్నది గడ్డని కాదు, అమ్మ కండని" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాతే కూర్చుని చదివాను. చక్కెర మాట అబద్ధమేమీ కాదు. క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే చాలా ఎక్కువ గ్లూకోజ్ లాక్కుంటాయని, ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా దాన్ని పూర్తిగా కాల్చకుండా లాక్టేట్ అనే పదార్థంగా మార్చి బయటికి వదిలేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. పూర్తిగా కాలిస్తే ఒక గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేల్లాంటివి) వస్తాయి, ఇలా సగంలో వదిలేస్తే వచ్చేవి 2. మరి ఇంత దండగ ఎందుకు? ఆ కణానికి కావలసింది శక్తి ఒక్కటే కాదు. ఒక కణం రెండు కావాలంటే డీఎన్ఏ, పొరలకి కొవ్వు, ప్రొటీన్లు అన్నీ రెట్టింపు చేసుకోవాలి, దానికి ముడిసరుకు కావాలి. ఉన్న కట్టెలన్నీ పొయ్యిలో పెట్టేస్తే ఇంటికి దూలాలు మిగలవు కదా, అలా గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని కాల్చకుండా కట్టుబడికి మళ్లిస్తాయి. కణంలో ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ని పూర్తిగా కాల్చే భాగాలు, అంటే మైటోకాండ్రియా, పాడైపోవడం వల్లే ఇలా జరుగుతోందని వార్‌బర్గ్ అనుకున్నాడు, కానీ చాలా క్యాన్సర్లలో అవి బాగానే పనిచేస్తాయని తర్వాత తేలింది.

పైగా వీటికి గ్లూకోజ్ ఒక్కటే దిక్కు కాదు. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం వాడుకుంటాయి, కొవ్వు వాడుకుంటాయి, పక్క కణం వదిలేసిన లాక్టేట్‌ని కూడా తీసుకుంటాయి, ఏదీ దొరక్కపోతే తమ సొంత భాగాలనే విరగ్గొట్టుకుని కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే లోపలికి ఆక్సిజన్ చాలదు, అప్పుడు కొత్త రక్తనాళాలు తనవైపు పెరిగేలా సంకేతాలు పంపుతుంది. ఇన్ని దారులున్నదాన్ని మనం కంచం దగ్గర కూర్చుని ఆపగలమా?

ఆకలితో చంపే వైద్యం లేదని కాదు. పిల్లల్లో వచ్చే ఒక రకం లుకేమియాలో (రక్త క్యాన్సర్‌లో) ఆ కణాలు ఆస్పరాజిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని తమకు చాలినంత చేసుకోలేవు, అందుకే ఆస్పరాజినేజ్ అనే మందు రక్తంలో దాన్ని విరగ్గొట్టేస్తుంది. కానీ అది మందు చేసే పని, తిండి మానేస్తే అయ్యేది కాదు. అమ్మ కీమోలో స్టెరాయిడ్ మాత్రలు కూడా ఉండేవి, అవి రక్తంలో షుగర్ పెంచుతాయి, అయినా ఇచ్చారు, ఎందుకంటే లింఫోమా కణాల్ని అవి చంపుతాయి. నా లెక్కే నిజమైతే ఆ మాత్రలు ఇవ్వనే కూడదు.

నాన్నగారికి డయాబెటిస్ ఉంటే షుగర్ అదుపులో ఉంచాల్సిందే, అది వేరే సంగతి. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే కీటో డైట్ లాంటివి కొన్ని క్యాన్సర్లలో పరీక్షిస్తున్నారు, అదీ డాక్టర్ల పర్యవేక్షణలో, ఇంట్లో మనంతట మనం కాదు. మేము డైటీషియన్ చెప్పినట్టు ప్రొటీన్ పెంచి, అమ్మ తినగలిగినది తినగలిగినప్పుడు పెట్టాం, నోరు పుండ్లు పడ్డ రోజుల్లో తియ్యగా చల్లగా ఉన్నవే దిగేవి, అవీ పెట్టాం. బరువు మెల్లగా నిలబడింది, మిగతా కీమోలు ఒక్కటీ వాయిదా పడలేదు.

మీరు ఈ రోజే నాన్నగారి బరువు చూసి తేదీతో సహా ఒక కాగితం మీద రాయండి, ప్రతి వారం అదే మిషన్ మీద చూసి దాని కిందే రాయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు రిపోర్టులతో పాటు ఆ కాగితం కూడా చూపించండి.