ముందు బస్తాల లెక్క

చి. లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బొగ్గు బూడిద) కలిపిన కాంక్రీటు మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో తొలి డాక్టరేటు! గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది.

రూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మీది రాష్ట్ర యూనివర్సిటీ కాబట్టి యూజీసీ 2022 నిబంధనలు వర్తిస్తాయి. కోర్సువర్కు 12 నుంచి 16 క్రెడిట్లు, 55 శాతం రావాలి. ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు ప్రెజెంటేషన్. చివర్లో గైడు కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు, ఆ తర్వాత వైవా. జర్నల్ పేపర్లు తప్పనిసరి కాదని యూజీసీ అన్నా మీ యూనివర్సిటీ అడగొచ్చు, చేరిన రోజే దాని ఆర్డినెన్సు (నియమావళి) చదువు. గడువు మూడు నుంచి ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, ఆడపిల్లలకు మరో రెండు. 'పదేళ్లుందిగా' అని కూర్చున్నావో, చెవి మెలేస్తాను! బిడ్డ పుడితే 240 రోజుల సెలవుంది తల్లీ, అది మాత్రం మొహమాటపడకుండా వాడుకో.

నా భయమంతా ల్యాబు దగ్గరే. ఒక బస్తా సిమెంటు తెచ్చి రెండు మిక్సులు (కాంక్రీటు మిశ్రమాలు) పోసి, అయిపోయాక ఇంకో బస్తా తెస్తారు. ఏ ల్యాబులో చూసినా ఇదే తప్పు. రెండో బస్తా వేరే వారం తయారైంది, దాని మెత్తదనం వేరు. ఫ్లైయాష్ ఇంకా మొండిది. ప్లాంటులో బొగ్గు మారితే బూడిదలో కాలని కార్బన్ మారుతుంది. కార్బన్ పెరిగితే నీళ్లు పీలుస్తుంది, స్లంప్, అంటే పచ్చి కాంక్రీటు జారుడుతనం, పడిపోతుంది, పిల్లలు ఇంకో మగ్గు నీళ్లు పోసేస్తారు. 90 రోజుల తర్వాత 20 శాతం బూడిద మిక్సుకీ 30 శాతం మిక్సుకీ బలంలో తేడా వస్తుంది. అది బూడిద వల్లా, బస్తా వల్లా? పరీక్షకుడు అడిగేది సరిగ్గా ఇదే. జవాబు లేకపోతే మళ్లీ పోయాలి, మళ్లీ 90 రోజులు ఆగాలి. సెమిస్టరు గల్లంతు.

అందుకే ముందే లెక్క వెయ్యి. సిమెంటు బదులు బూడిద సున్నా నుంచి 50 శాతం దాకా, పదేసి పెంచుతూ ఆరు మిక్సులు, 7, 28, 56, 90 రోజుల పరీక్షలు, ప్రతిదానికీ మూడు క్యూబులు (నలగ్గొట్టి బలం చూసే కాంక్రీటు దిమ్మలు). మొత్తం 72. 150 మిల్లీమీటర్ల క్యూబు ఒక్కోటి 3.375 లీటర్లు, వృథాతో కలిపి 280 లీటర్ల కాంక్రీటు. క్యూబిక్ మీటరుకు సిమెంటు, బూడిద కలిపి 350 కిలోలనుకుంటే 98 కిలోలు. అందులో సిమెంటు 74 దాకా, అంటే 50 కిలోల బస్తాలు రెండిటి లోపే. కానీ ట్రయల్ మిక్సులు, సిలిండర్లు, బీములు ఉంటాయి. ఆరు బస్తాలు ఒకేసారి కొను. బస్తా మీద అచ్చేసిన వారం, సంవత్సరం అన్నిటికీ ఒకటేనా చూసుకో. బూడిద కూడా ఒక్కరోజే తెచ్చి గాలి చొరబడని డ్రముల్లో పెట్టు. సిమెంటు మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్షించాలి కాబట్టి రెండు నెలల్లో పోత ముగించు.

ఇసుక తడి రోజూ కొలువు. క్యూబిక్ మీటరుకు 700 కిలోల ఇసుకలో పైతడి రెండు శాతమున్నా 14 లీటర్ల నీళ్లు దొంగచాటుగా చేరినట్టే. నీళ్లకీ, సిమెంటు-బూడిదకీ నువ్వు 0.45 అనుకున్న నిష్పత్తి 0.49 అయి కూర్చుంటుంది. క్యూరింగ్ నీళ్లు (క్యూబులు నానబెట్టేవి) 27 డిగ్రీలకు రెండు అటూఇటూ ఉండాలి. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు నేరుగా వదలకు.

మీ ల్యాబులో క్యూబు మౌల్డులు (అచ్చులు) ఎన్నున్నాయో కనుక్కో. పన్నెండే ఉంటే రోజుకో మిక్సే, విప్పడానికి 24 గంటలు ఆగాలి కదా. సిమెంటు కొనేముందు నీ లెక్క నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య