రక్తం 'జాలం' ఎలా అవుతుంది?

సందేహం: తొమ్మిదో తరగతికి కణజాలాల పాఠం చెబుతుంటే ఒక పిల్లాడు లేచి, "జాలం అంటే వల కదా టీచర్, మరి పారే రక్తానికి వలేమిటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాటే తప్పా? – ఒక టీచరు, పలమనేరు

సమాధానం: ముందు ఆ పిల్లాడికి నా తరఫున ఒక చాక్లెట్ కొనివ్వండమ్మా. మాటను బట్టీ పట్టకుండా విప్పి చూసేవాళ్లు తగ్గిపోయారు.

జాలానికి వల ఒక అర్థం మాత్రమే. అమరకోశం సమూహం, వల, గవాక్షం, మొగ్గ అని నాలుగు చెప్పింది. పదజాలం, కిరణజాలం అన్నప్పుడు మనకు వల గుర్తొస్తుందా? రాదు. కణజాలమూ అంతే, కణాల సమూహం. అంతర్జాలం వచ్చాక పిల్లలకి జాలమంటే వలే అయిపోయింది, అది వాళ్ల తప్పు కాదు.

అయితే కణజాలానికి అసలు ఇంగ్లీషు మాట టిష్యూ, దాని సంగతి వేరు. ఈ కాలం వాళ్లకి టిష్యూ అంటే ముక్కు తుడుచుకుని పారేసే కాగితం. తిరుపతిలో పట్టుచీరల కొట్టుకెళ్లి టిష్యూ చీర చూపించమనండి, జరీ తళతళలాడే చీర పరుస్తాడు. పాత అర్థానికి దగ్గరగా ఉన్నది ఆ కొట్టువాడే! ఫ్రెంచిలో ఆ మాటకి నేసినది అని అర్థం, లాటిన్‌లో నేయడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చింది. టెక్స్‌టైల్‌దీ, మీ చేతిలోని టెక్స్ట్‌బుక్‌దీ అదే పుట్టుక. ఫ్రెంచి వైద్యుడు బిషా మైక్రోస్కోపు ముట్టుకోకుండానే శరీరంలో 21 రకాల నేతలు లెక్కపెట్టాడు. హిందీవాళ్లు నేతనే పట్టుకుని ఊతక అన్నారు. మన పక్కనున్న తమిళులు ఇళైయమని దారాన్ని పట్టుకున్నారు, తిసు అని కూడా అంటారు. మన సాలెపురుగు అంటేనే నేసే పురుగు, సంస్కృతంలో తంతువాయమంటే సాలీడూ నేతగాడూ ఇద్దరూనూ. పక్కన వెంకటగిరి మగ్గాలుండగా, సాలీడు పేరే మొదట పెట్టుకున్న శ్రీకాళహస్తి ఉండగా, మనకి మాత్రం నేత తట్టలేదు. నాకు ఆ బాధ ఉంది.

నేత అని ఎందుకంటానంటే, అలిపిరి మెట్లెక్కి మోకాళ్ల పర్వతం దగ్గర మీ పిక్క పట్టుకుని చూడండి. కండరం లాగుతుంటుంది, నాడి లాగమంటుంది, రక్తం ఆక్సిజన్ మోస్తుంది, వీటిని పొదివి పట్టుకోవడానికి సంయోజక కణజాలం ఉంటుంది. పడుగు ఒకటే ఉంటే గుడ్డ కాదు, పేకా పడాలి. అలా రకరకాల నేతలు కలిస్తేనే ఒక అవయవం. ఉత్త గుంపైతే ఇంత పని చేస్తుందా?

ఇక రక్తం. ఎముకలో కణాలు గట్టి పదార్థంలో ఇరుక్కుని ఉంటాయి, రక్తంలో ప్లాస్మా అనే ద్రవంలో తేలుతుంటాయి. రెండుచోట్లా కణాల మధ్య ఒక పదార్థం నిండి ఉంటుంది, అందుకే రెండూ సంయోజక కణజాలాలే. ఇక్కడ నా నేత కూడా తేలిపోతుంది, ఒప్పుకుంటున్నాను, సమూహమే నిలుస్తుంది.

'కణజాల సమూహం' అని మాత్రం రాయించకండి, గుంపుల గుంపు అవుతుంది. జాలంలాగే పిల్లల్ని తికమక పెట్టే మాట ఇంకోటుంది, మండలం. నాడీమండలం, నాడీవ్యవస్థ రెండూ సరే. 1985లో రెవెన్యూ మండలాలు వచ్చాక పిల్లలు మండలం అనగానే ఎమ్మార్వో ఆఫీసు అనుకుంటున్నారు కాబట్టి వ్యవస్థే మేలేమో. పరీక్షలో కణజాలమనే రాయించండి, క్లాసులో నేత అని చెప్పి చూడండి.