ఆయన చెప్పిన మాట, మీరు రాసిన కథ

ప్రశ్న: మాది తిరుపతి. నా భర్త అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్. పెళ్లయి పన్నెండేళ్లు. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. ఆయనకు ఒక రోజంతా డ్యూటీ, మరుసటి రోజు ఇల్లు. బ్రహ్మోత్సవాలప్పుడు, ఎండాకాలంలో ఆ లెక్క కూడా ఉండదు. నాకు పెళ్లికి ముందు నుంచీ కథలు రాసే అలవాటు. ఆరు నెలల క్రితం ఒక కథ వారపత్రికలో అచ్చయింది. పల్లెలో గడ్డివామి అంటుకుని పక్కనున్న పశువుల కొట్టానికి మంట పాకితే, లోపల కట్టేసిన దూడను కాపాడలేకపోయిన ఫైర్‌మన్ కథ అది. చివర అతడు ఫైరింజన్ వెనక కూర్చుని ఏడుస్తాడు. అది మా ఆయన ఒక రాత్రి నాకు చెప్పిన సంగతే. స్టేషన్‌లో ఎవరో ఆ కథ చదివి అందరికీ వినిపించి నవ్వారట. అప్పటి నుంచి ఆయన డ్యూటీ కబుర్లు ఇంట్లో ఎత్తడం లేదు. కోప్పడరు. అడిగితే ‘ఏమీ లేదు’ అంటారు. ‘ఈ రాతలు ఉద్యోగానికి ముప్పు తెస్తాయి, మానెయ్’ అని అత్తగారు అంటున్నారు. రాయడానికి సమయమూ దొరకదు. ఆయన ఇంట్లో ఉన్న పగలు నిద్రపోతారు, చప్పుడు కాకూడదు. ఆయన లేని రాత్రి నాకు నిద్ర రాదు, రాత సాగదు. రాయడం మానేస్తే అన్నీ సర్దుకుంటాయా?
– ఒక సోదరి, తిరుపతి

సలహా: అమ్మా, మీ ఉత్తరం ఏడు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం, ఏమీ అనుకోకండి. నాలుగో పేజీ మధ్యలో నీలం సిరా నల్లదయింది. సగంలో ఆగిన వాక్యం మరో కలంతో, బహుశా మరో రోజు, ఆగిన చోటు నుంచే సాగింది. సమయం దొరకదని చెప్పడానికి ఏడు పేజీలు రాయగలిగారు. కాబట్టి సమయం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ దూడ సంగతి.

ఆ కథ విషయంలో మీరు తప్పు చేశారు. రాయడం తప్పు కాదు, చెప్పకుండా అచ్చుకు పంపడం తప్పు. గడ్డివామి కాలడం ఊరంతా చూసింది, దాన్ని ఎవరైనా రాయవచ్చు. బండి వెనక కూర్చుని ఏడవడం మాత్రం ఆయన ఒక్కరికే తెలుసు. మీకు చెప్పాక ఇద్దరికి తెలిసింది. అచ్చయ్యాక స్టేషన్ మొత్తానికి తెలిసింది. ‘పేరు మార్చాను, ఊరు మార్చాను’ అని మీరు రాశారు. మీ ఊళ్లో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది కదా, ఒంటినిండా బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టినవాడు ఏ ఇంటి పిల్లవాడో ఆ వీధివాళ్లకు తెలియదా? మీరు కట్టిన వేషమూ అంతే. బయటివాళ్లకు అది కథ. ఆయన పక్కన నిలబడి పైపు పట్టుకున్నవాళ్లకు అది ఆయనే.

స్టేషన్‌లో నవ్వారని వాళ్లను తిట్టుకోకండి. నవ్విన వాళ్లలోనూ ఒక్కొక్కరికి ఒక్కో దూడ ఉండే ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ రోజు మొదలుకొని వారం పాటు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. పోయినవాళ్లను తలుచుకోవడానికి అలా ఒక వారం ఉంది. ఒక మూగజీవాన్ని కాపాడలేక తిరిగి వచ్చినవాడు ఆ మాట ఎక్కడ చెప్పుకుంటాడు? మీ ఆయన మీ దగ్గర చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ చోటు కూడా పోయిందనుకుంటున్నారు. మీరు రాయడం మానేసినంత మాత్రాన అది తిరిగి రాదు. పైగా రేపు మీ మనసులో ‘నా రాతను ఈయన కోసం వదులుకున్నాను’ అనే లెక్క మొదలవుతుంది. ఆ లెక్క ఏళ్ల తరబడి నడిచిన ఇళ్లు నేను చూశాను. మానకండి.

క్షమాపణకు పెద్ద ప్రసంగం అక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చిన పొద్దున అసలు ఎత్తకండి. నిద్ర లేచి, భోజనం చేసి, స్థిమితంగా ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పండి: ‘ఆ కథ పంపే ముందు మీకు చూపించి ఉండాల్సింది.’ అంతటితో ఆపేయండి. ‘కోపం పోయిందా?’ అని వెంటనే అడగకండి. కథ ఎంత బాగుందో ఎవరెవరు మెచ్చుకున్నారో అప్పుడు గుర్తు చేయకండి. రాసేవాళ్లకు ఇది చాలా కష్టమని నాకు తెలుసు. ఇక మీదట ఆయన నోటి నుంచి విన్నది ఏదైనా కథలోకి వస్తే, పత్రికకు వెళ్లేలోగా ఆయన చదవాలి. తీసేయమన్న వాక్యాన్ని వాదించకుండా తీసేయాలి. ఒక మంచి వాక్యం పోతుంది, పోనివ్వండి.

అత్తగారి భయానికీ జవాబుంది. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అది ఉద్యోగికి వర్తిస్తుంది, భార్య రాసే కథకు కాదు. అయితే ఉద్యోగంలో తెలిసిన అధికారిక సమాచారాన్ని ఉద్యోగి బయట పెట్టకూడదన్న కట్టడి అందులో ఉంది. అందుకే ఏ ప్రమాదంలో ఎవరి తప్పెంత, దర్యాప్తులో ఏం తేలింది, ఎవరి ఇల్లు అన్నవి మీ కథల్లోకి రానివ్వకండి. దూడ ఏడుపు ఏ నియమావళికీ అందదు.

ఇక సమయం. చప్పుడు కాకూడని పని లోకంలో ఒకటి ఉంటే అది రాయడమే. ఆయన నిద్రపోయే పగలు, పిల్లలు బడిలో ఉన్నప్పుడు, మీరు చేతిలో కలంతో కూర్చోవడానికి అంతకంటే మంచి వేళ ఉందా? ఆ వేళలో ఏం చేస్తున్నారో మీరే రాశారు: పప్పు తాలింపు, గిన్నెలు, మిక్సీ పెట్టలేకపోతున్నానన్న చిరాకు. మిక్సీ పన్నెండు గంటలకు, ఆయన లేచాక వేసుకోండి. పచ్చడి ఆలస్యమైతే ఎవరూ పస్తుండరు. గోడ గడియారాన్ని బట్టి కాకుండా ఆయన డ్యూటీ చార్టును బట్టి రాసుకోండి. లేచేటప్పుడు వాక్యాన్ని సగంలో వదిలి లేవండి. ఆ విద్య మీకు వచ్చునని నాలుగో పేజీ చెప్పింది.

ఎండాకాలంలో కథ పూర్తి చేయాలని పెట్టుకోకండి. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకుని వాయుసేన హెలికాప్టర్లు దిగాల్సి వచ్చిన రోజులు తిరుపతి వాళ్లు ఎవరూ మరిచిపోరు. అలాంటి వారాల్లో తేదీ వేసి రెండు వాక్యాలు రాసుకుంటే చాలు.

రాత్రుల మాటకొస్తే, మీరు రాత సాగక కూర్చోవడం లేదు, ఫోను కోసం కూర్చుంటున్నారు. బండి మంట దగ్గరి నుంచి తిరిగి వచ్చినా వాళ్ల పని అయిపోదు. ట్యాంకు నింపాలి, తడిసి బురదైన హోస్ పైపులు కడిగి ఆరబెట్టాలి, వివరాలు రిజిస్టరులో ఎక్కించాలి, మరో కాల్ వస్తే మళ్లీ బయలుదేరాలి. ఫోను రాకపోవడానికి కారణం చాలాసార్లు ఆ పైపులే. స్టేషన్‌కు చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వమని ఆయన్ను అడగండి. మాట్లాడనక్కర్లేదు, మీరు తిరిగి చేయనూ అక్కర్లేదు. ఆ ఒక్క రింగు తర్వాత మీరు పడుకుంటారో రాసుకుంటారో మీ ఇష్టం.

మీరు అడగని సంగతి ఒకటి. డ్యూటీ నుంచి రాగానే చిన్నవాడు యూనిఫాంతోనే నాన్నను చుట్టేసుకుంటాడని ముచ్చటగా రాశారు. ఆ ముచ్చట స్నానం అయ్యాక తీర్చుకోమనండి. బట్టకు అంటిన మసి మంచిది కాదు. అగ్నిమాపక పనిని క్యాన్సర్ కారక వృత్తిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో నిర్ధారించింది. యూనిఫాం విడిగా నానబెట్టి విడిగా ఉతకండి, పిల్లల బట్టల్లో కలపకండి.

ఆయన మౌనం కేవలం మీ మీది అలకేనా అన్నది కూడా గమనించండి. నిద్రలో ఉలిక్కిపడటం, తిండి తగ్గడం, చీటికిమాటికి పిల్లలపై విసుక్కోవడం, తాగుడు పెరగడం కనిపిస్తే అది కథతో వచ్చిన మౌనం కాదు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం మీ ఊళ్లోనే ఉంది. ‘నీకు పిచ్చా’ అన్న ధోరణిలో కాకుండా, నడుం నొప్పికి వెళ్లినట్టు వెళ్దామని అడగండి.

చివరగా, ఆరో పేజీలో ఒక వాక్యం రాసి అక్కడే వదిలేశారు. ఆయన డ్యూటీలో ఉన్న రాత్రుల్లో అత్తగారి గదిలో లైటు ఉండదు కానీ, నీళ్ల చెంబు పెట్టిన చప్పుడు అర్ధరాత్రి రెండింటికి, మళ్లీ మూడింటికి వినిపిస్తుందన్నారు. అంటే ఒకే మనిషి కోసం ఇద్దరు ఆడవాళ్లు గోడకు చెరో పక్కన, రెండోవాళ్లు నిద్రపోతున్నారనుకుని చప్పుడు కాకుండా మేలుకుని ఉన్నారు. అమ్మా, మీ కథ అక్కడుంది. అది ఆయన మీకు చెప్పింది కాదు, మీరు విన్నది. దాన్ని అచ్చుకు పంపే ముందు ఆయన అనుమతి అవసరం లేదు. అత్తగారికి మాత్రం చదివి వినిపించండి.