వాషింగ్ మెషీన్‌తో మొదలుపెట్టు

మారతహళ్లి,
బెంగళూరు

అమ్మలూ,

టెక్నికల్ రైటింగ్, అంటే యంత్రాలూ సాఫ్ట్‌వేర్లూ ఎలా వాడాలో రాసే పని, నేర్చుకోవాలని ఉంది, ఏ కోర్సులో చేరమంటావని అడిగావు. డబ్బు కట్టి ఇప్పుడే దేంట్లోనూ చేరకు. మీ పీజీలో అందరూ వాడే వాషింగ్ మెషీన్ ఉంది కదా, దాన్ని ఎలా వాడాలో ఇంగ్లీషులో ఒక పేజీ రాయి. ఏఐ చేత రాయించకు, మీ పీజీ కుళాయి ఏ మూలనుందో దానికి తెలీదు. రాశాక, ఆ మెషీన్‌ను ఎప్పుడూ ముట్టుకోని అమ్మాయి చేతికిచ్చి పక్కన నిలబడు. నోరు మాత్రం తెరవకు. ఆ అమ్మాయి ఎక్కడ ఆగి నీ మొహం వంక చూస్తే, అక్కడ నీ రాత తప్పింది. దిద్ది ఇంకొకరికివ్వు. కుళాయి తిప్పమని రాయడమే మర్చిపోయావని అప్పుడు తెలుస్తుంది. రోజూ చేసే పని కదా, చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది, కలానికి గుర్తుండదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక సాఫ్ట్‌వేర్ మాన్యువల్ రాశాను. ఆరో స్టెప్‌లో సెట్టింగ్స్ రీసెట్ చేయమని రాసి, ముందు బ్యాకప్ తీసుకోవాలన్న హెచ్చరికను దాని కింద పెట్టాను. చదివేవాళ్లు ఒక్కో స్టెప్ చేసుకుంటూ పోతారు, కింద ఏముందో ముందే చూడరు. ఒక కస్టమర్ డేటా మొత్తం పోయింది. మా మేనేజర్ తిట్టలేదు. ఆ పేజీ ప్రింట్ తీసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి నేను రాసే హెచ్చరిక స్టెప్‌కి పైనే ఉంటుంది.

తెలుగు మీడియంలో చదివానని టెన్షన్ పడుతున్నావు. నేనూ అంతే కదే! విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అని ఒక ప్రమాణం ఉంది. చేయాల్సిన పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదంటుంది. ఇంగ్లీషు సొంత భాష కాని మెకానిక్ కూడా తప్పుగా అర్థం చేసుకోకూడదని ఆ జాగ్రత్త. కాబట్టి పెద్ద పెద్ద మాటలు రాకపోయినా ఫర్వాలేదు. గ్రామర్ తప్పులు మాత్రం దిద్దుకోవాల్సిందే.

ఇక ఈ పనిలో వాడే పనిముట్ల సంగతి. మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో హెడ్డింగులూ లిస్టులూ పెట్టే మార్క్‌డౌన్ ఒక పూటలో వచ్చేస్తుంది. ఫైళ్లలో ఎప్పుడు ఏం మార్చామో గుర్తుపెట్టుకునే గిట్‌కి కాస్త ఓపిక కావాలి. గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ కోర్సు ఉచితమే. ఏ మాట ఎలా రాయాలో చెప్పే మైక్రోసాఫ్ట్ స్టైల్ గైడ్ కూడా ఉచితమే, కానీ మొత్తం చదువుదామని కూర్చోకు, సందేహం వచ్చినప్పుడు తెరువు చాలు.

ఆ తర్వాత, కాలేజీలో నువ్వు నిజంగా వాడుతున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేది, ఒకటి తీసుకో. దాని ఇన్‌స్టలేషన్ పేజీ ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ పో. ఎక్కడ ఇరుక్కున్నావో ఆ భాగం సరిచేసి, అలాంటి కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో దాన్ని తయారుచేసేవాళ్లకు పంపు. కామాలు మార్చి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వా గుంపులో చేరకు. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు సర్టిఫికెట్లు పక్కన పెట్టి, మొదటి డ్రాఫ్టూ చివరి డ్రాఫ్టూ చూపించమంటాను. అందుకే పాత డ్రాఫ్టులు పారేయకు.

ఆదివారం భోజనానికి రా. మా ఇంటి మెషీన్‌కి కూడా ఒక పేజీ రాద్దువుగాని. కొన్న దగ్గర్నుంచీ మీ బాబాయి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. నీ పేజీ ఆయన చేతికే ఇద్దాం.

పిన్ని