మూడో పేజీలో సన్నాయి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. గుంటూరు మిర్చియార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య అన్నదమ్ములు ఎదురుపడే ఘట్టం బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం చదవలేకపోయాను. పెళ్లిలో 'సన్నాయి అబ్సొనెంట్‌గా మోగింది' అన్నావు. ఐదో పేజీలో అన్నదమ్ముల మధ్య 'అబ్సొనెంట్ మౌనం' అన్నావు. రెంటికీ ఒకే మాట సరిపోయిందంటే, రెంటిలో ఏదీ నువ్వు చెవిపెట్టి వినలేదన్నమాట.

'అబ్సొనెంట్' (absonant) లాటిన్ నుంచి వచ్చిన ఇంగ్లీషు మాట. లాటిన్‌లో 'అబ్' అంటే దూరంగా, 'సొనారే' అంటే మోగడం. ఆ 'అబ్', మన 'అప' ఒక తల్లి పిల్లలే. ఆ 'సొన్', మన 'స్వన' కూడా అంతే. ('స్వరం' ధాతువు వేరు, కలపకు.) మాట చుట్టరికం ఎంత దగ్గరిదైనా, ఇంగ్లీషువాళ్లే దాన్ని దాదాపు మరిచిపోయారు. పాత వచనంలో ప్రకృతికి అబ్సొనెంట్, బుద్ధికి అబ్సొనెంట్ అనేవారు, అంటే విరుద్ధమని. దేనికి విరుద్ధమో పక్కనే చెప్పాలి. నీ వాక్యాల్లో ఆ రెండో కొస లేదు. అన్నదమ్ములకు ఇంగ్లీషే కావాలనుకుంటే 'డిస్కార్డెంట్' నయం, అందులో ఉన్నది గుండె అనే లాటిన్ మాట.

ఇక సన్నాయిలో తప్పిందేమిటి? శ్రుతిపెట్టె షడ్జానికీ (అంటే 'స'కీ) సన్నాయి షడ్జానికీ వెంట్రుకవాసి తేడా వచ్చిందా, అది అపశ్రుతి. శ్రుతి నిలిచే ఉండి, మధ్యమమే లేని మోహన రాగంలో మధ్యమం దొర్లితే అపస్వరం. డోలు ముందు ముగించి సన్నాయి వెనకబడితే తాళం తప్పింది. వివాది, అంటే పక్కపక్క స్వరాలు ఒరుసుకోవడం, అసలు తప్పే కాదు. 72 మేళకర్తల్లో, అంటే జనక రాగాల్లో, 40 వివాది మేళాలు, అందులో ఆ ఒరుసుకోవడం ఉద్దేశించిందే. బాలమురళీకృష్ణ గారు 72లోనూ కీర్తనలు కట్టారు, ఆ 40 పక్కన పెట్టలేదు. నీ కథలో పెళ్లికూతురి తండ్రి సంగీతం తెలిసినవాడు. ఆయన ముఖం చిట్లించింది దేనికో పాఠకుడికి తెలియాలి.

'అపశ్రుతి అరిగిపోయిన మాట కదండీ' అని రాశావు. అరగదీసింది పత్రికలవాళ్లు. తిరునాళ్లలో ప్రభ ఒరిగినా, పెళ్లిలో షామియానా కూలినా 'అపశ్రుతి' అని శీర్షిక పెట్టి, దాన్ని ప్రమాదానికి మారుపేరు చేశారు. కథలు ఎంచే సంపాదకులు మరీ అన్యాయం. తెలుగు విశేషణం కనిపిస్తే పాతవాసన అంటారు, ఇంగ్లీషుది కనిపిస్తే కొత్త గొంతు అంటారు. వాళ్ల మాట పట్టించుకోకు.

అన్నదమ్ముల విషయానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడు. 'పడదు' అంటే ఒకరంటే ఒకరికి గిట్టదు. 'పొసగలేదు' అంటే ఒకే కప్పు కింద ఉండి చూశారు, కుదరలేదు. 'పొంతన లేదు' అన్నది మనుషులకన్నా చెప్పేదానికీ చేసేదానికీ నప్పుతుంది. 'అతకలేదు' అంటే మధ్యలో ఎవరో కలపబోయారు. నీ కథలో మేనమామ రాజీకి వచ్చి వెళ్లాడు కనుక, ఐదో పేజీకి కావలసింది ఈ చివరిదే. 'మౌనం' కూడా తీసెయ్. మన ఊళ్లలో 'మాటల్లేవు' అంటారు.

కలంపేరు సంగతి, సంపుటి సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ తిరగరాసి పంపు. సన్నాయి వాయిస్తున్నది ఏ రాగమో అందులో ఉండాలి.