మూడమ్మల పౌర్ణమికి బయలుదేరే ముందు

చిన్నీ,

వచ్చే పౌర్ణమి శుక్రవారం పడిందని, మీ అత్తగారిని చెన్నై చుట్టుపక్కలున్న మూడమ్మవార్ల దర్శనానికి తీసుకెళ్తానని చెప్పావు, చాలా సంతోషం. చివర్లో కారు బుక్ చేస్తున్నానన్నావు చూడు, అక్కడే నాకు గుబులు పట్టుకుంది.

కారు వద్దమ్మా. ఆ తప్పు నేనొకసారి చేశాను. ఎన్నూరు దారిలో హార్బరుకెళ్ళే కంటైనర్ లారీల మధ్య ఇరుక్కుని, తిరువొత్తియూరు చేరేసరికి గుడి తలుపులు వేసేశారు. మీ మామయ్య మండుటెండలో చెప్పులు చేత్తో పట్టుకుని, నా వైపు ఒక్క చూపు చూశారు. ఇప్పటికీ మర్చిపోలేదు.

పొద్దున మేలూరులో తిరువుడై అమ్మన్, మధ్యాహ్నం తిరువొత్తియూరులో వడివుడై అమ్మన్, సాయంత్రం తిరుముల్లైవాయల్‌లో కొడియిడై అమ్మన్, ఇదీ వరస. అదే వరసలో ఇచ్ఛాశక్తి, జ్ఞానశక్తి, క్రియాశక్తి అంటారు. పేర్లు అరవంలో ఉన్నాయని మీ అత్తగారు కంగారు పడితే విడమర్చి చెప్పు. తిరు అంటే సిరి, తిరువుడై అమ్మన్ అంటే సిరిగల తల్లి. వడివుడై అమ్మన్ చక్కని రూపమున్న తల్లి. కొడియిడై అంటే తీగలాంటి నడుము. ముగ్గురినీ ఒకే శిల్పి చెక్కాడని కథ.

ముందు రోజు రాత్రికే పెరంబూరులో మా ఇంటికి వచ్చేయండి. తెల్లారగట్లే సెంట్రల్‌కి ఆటోలో వెళ్ళి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే మీంజూరులో దిగొచ్చు. సూళ్ళూరుపేట దాకా పోయే బండి దొరికితే ఇంకా మంచిది, పెట్టెలో సగం మంది మన భాషే మాట్లాడతారు, మీ అత్తగారికి పొద్దు తెలియదు. మీంజూరు నుంచి మేలూరుకి ఆటో. ఎక్కక ముందే రానూపోనూ మాట్లాడుకో. గుడి చిన్నది. దండం పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తిని మళ్ళీ అదే లైన్లో వెనక్కి రండి, తిరువొత్తియూరు స్టేషన్ దారిలోనే.

ఇక్కడ మాత్రం తొందర పడకు. చాలామంది పావుగంటలో అర్చన టికెట్, కుంకుమ పొట్లం, సెల్ఫీ ముగించుకుని మూడో గుడికి పరుగెడతారు. నాకు వాళ్ళని చూస్తే జాలి. ఇక్కడి శివుడు ఆదిపురీశ్వరుడు, ఆయన గర్భగుడి చుట్టూ వెళ్ళి వెనకవైపు చూడు, ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది. రాజేంద్ర చోళుడి కాలపు రాతి పని అది. స్వామి ఏడాది పొడుగునా కవచంలోనే ఉంటాడు, అరవవాళ్ళ కార్తిగై నెల పౌర్ణమికి మూడు రోజులు మాత్రం తీస్తారు. అప్పుడు రావాలంటే జనాన్ని తట్టుకునే ఓపిక ఉండాలి.

ప్రాకారంలో పొగడచెట్టు ఉంటుంది. దాని కింద నిలబడి శివభక్తుడు సుందరమూర్తి నాయనారు తాను పెళ్ళాడే సంగిలికి, నిన్ను వదిలి వెళ్ళనని ప్రమాణం చేశాడట. తిరువారూరు స్వామి మీద మనసు లాగి పొలిమేర దాటాడో లేదో, కళ్ళు పోయాయి. మీ ఆయనకి ఈ కథ తప్పకుండా చెప్పు. పూలు రాలి ఉంటే నాలుగు ఏరి కొంగున కట్టుకో. గుండీ అంత ఉంటాయి, అంచులు చిన్న నక్షత్రంలా. ఎండి గోధుమ రంగుకి తిరిగినా వాసన పోదు. నా పూజ డబ్బాలో ఇంకా ఉన్నాయి.

వడివుడై అమ్మవారి ముందు నిలబడ్డప్పుడు ఒక సంగతి గుర్తు చేసుకో. శిష్యుడు వీణ కుప్పయ్యర్ పిలిస్తే త్యాగరాజస్వామి ఈ ఊరొచ్చి, ఈ త్రిపురసుందరి మీదే ఐదు కీర్తనలు కట్టారు. ఐదూ మన తెలుగే. ఇక్కడి ఉత్సవమూర్తి పేరు కూడా త్యాగరాజస్వామే, రెండూ కలిపేయకు. అత్తగారికి పాట వచ్చు కదా, శుద్ధ సావేరి రాగంలో ఉన్నది మెల్లగా పాడమను. క్యూలో ఎవరూ విసుక్కోరు, నేను పాడి చూశాను!

మధ్యాహ్నం ఎప్పుడు మూస్తారో, పౌర్ణమికి వేళ మారుస్తారో ముందు రోజే కనుక్కో. రాళ్ళు కాలతాయి, పెద్దావిడకి పాత సాక్సులు ఒక జత పెట్టుకో. పూలు మూర ఎంతో అడిగాకే తెంపించు.

తేరడి మెట్రో ఎక్కితే మారకుండా సెంట్రల్. అక్కడ ఆవడి వైపు లోకల్ పట్టుకుని అంబత్తూరులో దిగి ఆటో ఎక్కండి. కొడియిడై అమ్మ గుడిలో నందిని చూడు, శివుడికి వీపు పెట్టి వాకిలి వైపు చూస్తుంటాడు. ముల్లై అనే మల్లెజాతి తీగల్లో ఏనుగు కాలు చిక్కుకుంటే తొండమాన్ రాజు ఆ తీగల్ని కత్తితో నరికాడు, వాటి కింద ఉన్న లింగానికి గాయమై నెత్తురొచ్చింది. అదే రాజుకు సాయంగా యుద్ధానికి బయలుదేరిన వాడిలా స్వామితో పాటు నందీ అటు తిరిగాడంటారు. ఆ గాయం కోసమే లింగానికి ఎప్పుడూ చందనం పూత. రెండు తెల్లజిల్లేడు స్తంభాలు కూడా ఉన్నాయి. జిల్లేడు అంత లావు పెరుగుతుందంటే నేనూ నమ్మలేదు.

ఒకవేళ తిరువొత్తియూరులోనే అత్తగారికి కాళ్ళు పీకితే మూడోది ఇంకో పౌర్ణమికి పెట్టుకోండి. మొక్కు తప్పుతుందేమోనని ఆవిడే పట్టుబడుతుంది, నా పేరు చెప్పి ఒప్పించు.

తిరుగుబండి ఎక్కగానే ఫోన్ చెయ్యి. పెరంబూరులో దిగేసరికి మామయ్య స్టేషన్ దగ్గరుంటారు. రాత్రికి పెసరట్లకి నానబోస్తాను.

మీ అత్త