ఏకాంతానికి వేళ: రాయగడ సోదరికి సమాధానం

అమ్మా, దుకాణం, పిల్లల చదువు, అత్తమామల సేవల మధ్య మీకంటూ పావుగంట కూడా మిగలడం లేదని రాశారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉమ్మడి కుటుంబంలో ఉంటున్న నాకు ఆ బాధ తెలుసు. తీరిక దానంతట అది దొరకదు కనుక, ఇప్పటికే ఒంటరిగా చేసే పనినొకదాన్ని ఎంచుకోండి. నేను తెల్లవారుజామున ఫోను ఇంట్లోనే ఉంచి మహేంద్రతనయ నది గట్టు వరకు నడుస్తూ, నిన్న ఎవరిని నొప్పించాను, ఏ పనిని భయంతో వాయిదా వేశాను అని ప్రశ్నించుకుని, తిరిగివచ్చాక జవాబులను తెలుగులో మూడు వాక్యాలుగా రాసుకుంటాను. (రోజంతా ఒడియాలో వ్యవహరించే నాకు అమ్మభాషలో రాసుకుంటేనే మనసు విప్పుకున్నట్లుంటుంది.) మీ ఊరికి నాగావళి ఉంది, అక్కడికి వెళ్లడం కుదరకపోతే, బేరాలు మొదలుకాక ముందు దుకాణం షట్టరు సగమే ఎత్తి పది నిమిషాలు కూర్చోండి. ఆ వేళ సంగతి ఇంట్లో ముందే చెప్పండి; చెప్పకపోతే మీరు మనసు కష్టపెట్టుకున్నారేమోనని వారు ఆందోళన పడతారు.